బరంపురం వీధి మూలకు టైరు సీట్లు: రెడీమేడ్ సెట్టు కొనాలా, చేయించుకోవాలా?

పాత కారు టైర్లు రెండేసి పేర్చి, పైన ప్లైవుడ్ బిళ్ళ బిగించి, ఎరుపూ పసుపూ రంగులు కొట్టి, నాలుగు స్టూళ్ళూ ఒక బల్లా కలిపి అమ్మే సెట్టు ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ఒడిశాలోని బరంపురంలోనూ దొరుకుతుంది. డాబా మీద టీ తాగడానికి అది బాగానే ఉంటుంది. చెత్త పోగయ్యే మూలను బాగుచేసి పదిమందీ కూచునే చోటుగా మార్చుకోవాలనుకునే సాహీ (పేట) వాళ్ళు కొంటే మాత్రం మొదటి వానాకాలానికే తెల్లమొహం వేయాల్సి వస్తుంది. ఈ సమీక్ష వాళ్ళ కోసం.

ముందే చెప్పేస్తే మేలు. రెడీమేడ్ సెట్టుకు 5కి 2. అవే టైర్లతో వీధి చివరి వెల్డింగ్ షాపులో చేయించుకున్న సీటుకు 4. ఎందుకో చూద్దాం.

నీళ్ళ పరీక్ష

కొనేముందు లీటరు నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. ప్లైవుడ్ మూత తీయించి పై టైరు లోపలి గాడిలో నీళ్ళు పోయండి. రెండు నిమిషాల్లో అవి నేలమీదికి రావాలి. చాలా సెట్లలో రావు. కింది టైరుకు అడుగున రెండు చిల్లులు కొట్టి వదిలేస్తారు. పై టైరు కింది గోడకూ, దానికి ఆనుకుని ఉండే కింది టైరు పై గోడకూ చిల్లులుండవు. ఉన్నా రెండూ ఎదురెదురుగా పడవు. దాంతో పై టైరు ఒక తొట్టి అయి కూచుంటుంది.

ఇది చిన్న లోపమనుకోవద్దు. డెంగీ దోమకు గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు ఎండాకాలపు వేడిలో వారం పది రోజులు చాలు, నీళ్ళు చెంచాడున్నా చాలు. నీళ్ళు ఎండిపోయినా టైరు గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ వాన పడగానే పొదుగుతాయి. మూల బాగుచేద్దామని తెచ్చిన సీటు వీధికంతటికీ జ్వరం పంచుతుంది.

చిల్లులు కొట్టడంలోనూ ఒక కిటుకుంది. రబ్బరు సాగి మళ్ళీ మూసుకుంటుంది. 10 ఎంఎం బిట్టుతో కొట్టిన చిల్లు చేతికి 6 ఎంఎం అన్నట్టే ఉంటుంది, నాలుగు ఆకులు పడితే అదీ పూడిపోతుంది. 25 ఎంఎం హోల్ సా (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కావాలి. నెమ్మది స్పీడులో, సబ్బు నీళ్ళు పోస్తూ, ఒక్కో గోడకు ఆరు చిల్లులు. రెండు టైర్లనూ పేర్చి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, విడదీసి కొడితే చిల్లులు ఎదురెదురుగా వస్తాయి. ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో గుచ్చే పద్ధతి కొన్ని షాపుల్లో ఇంకా ఉంది. ఆ పొగ పీల్చేవాడి గొంతు పాడవడమే గాని చిల్లు గుండ్రంగా రాదు.

ఎత్తు లెక్క

మనిషి హాయిగా కూచుని, చేతులు ఆనించకుండా లేవాలంటే సీటు 40 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుండాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు 45 దగ్గరగా ఉంటే మంచిది. రెడీమేడ్ స్టూళ్ళు చాలావరకు 165/80 ఆర్14 సైజు టైర్లు రెండింటితో చేస్తారు, పాత స్విఫ్ట్‌కు వచ్చే సైజు అది. వెడల్పు 165 ఎంఎం కాబట్టి రెండు పేరిస్తే 33, ప్లైవుడ్‌తో కలిపి 35. పిల్లలకు సరే, తాతలకు గొయ్యిలో కూచున్నట్టు ఉంటుంది.

బోలేరో టైరు తీసుకోండి. 215/75 ఆర్15 అని పక్కన రాసి ఉంటుంది. రెండు పేరిస్తే సరిగ్గా 43 సెంటీమీటర్లు, అడ్డంగా 70. వెడల్పాటి సీటు, ఒరగదు. రెండూ కలిపి బరువు 30 కిలోల చుట్టుపక్కల, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. ఆల్టో టైర్లు (145/80 ఆర్12) అయితే మూడు పేర్చాలి. ఎత్తు 43.5 వస్తుంది గాని అడ్డం 54 సెంటీమీటర్లే, కుర్రాళ్ళు ఒక పక్కకు వాలితే ఊగుతుంది. లారీ టైరు జోలికి వెళ్ళొద్దు. 10.00-20 టైరు అడ్డం మీటరు దాటుతుంది, బరువు యాభై కిలోల దగ్గర. అందులో స్టీలు రేడియల్ అయితే పక్క గోడల్లో కూడా తీగ ఉంటుంది, డ్రిల్లు బిట్టు విరుగుతుంది, తెగిన తీగ కొస సూదిలా బయటికొస్తుంది. కారు రేడియల్‌లో తీగ నడిచే భాగంలోనూ, రిమ్ముకు ఆనే అంచులోనూ ఉంటుంది, పక్క గోడలో ఉండదు. అందుకే చిల్లులన్నీ పక్క గోడకే. టైరును అడ్డంగా కోసి పూలు, హంసలు చేసే సరదా పిల్లలు తిరిగే చోట అసలు వద్దు.

ఎన్‌హెచ్ 16 వెంట పంక్చర్ షాపుల్లోనూ, కబాడీ దుకాణాల్లోనూ అరిగిన బోలేరో టైర్లకు కొరత లేదు. పక్కన బుడిపె వచ్చినవి తీసుకోవద్దు, బోల్టు బిగించినప్పుడు అక్కడే చీలుతుంది.

మూత ప్లైవుడ్ వద్దు, నవారు పెట్టించండి

సెట్టులో మొదట చచ్చేది మూత. మామూలు కమర్షియల్ ప్లైవుడ్ (ఐఎస్ 303, ఎంఆర్ గ్రేడు) ఒక నెల వానలో పొరలు పొరలుగా లేస్తుంది. దుకాణదారు ‘వాటర్‌ప్రూఫ్’ అంటే పలక మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లై) ముద్ర చూపించమనండి. ముద్ర లేకపోతే మాట మాత్రమే. 19 ఎంఎం మెరైన్ ప్లై వేయించినా, అంచులకు రెండు కోట్లు పెయింటు పూయకపోతే నీళ్ళు అంచు నుంచే ఎక్కుతాయి. పైగా మూత ఉందంటే లోపల చీకటి, చెమ్మ, ఎలక. గుట్కా ప్యాకెట్లు దోపడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

మన మంచాల నవారే దీనికి జవాబు. 12 ఎంఎం నున్నటి ఇనప చువ్వతో 40 సెంటీమీటర్ల చదరం చేయించండి, చువ్వ 1.7 మీటర్లు పడుతుంది. నాలుగు మూలలా 5 ఎంఎం పట్టీ ముక్కలు వెల్డింగ్ చేసి, ఒక్కో దానికి 11 ఎంఎం చిల్లు పెట్టించండి. జింకు ప్రైమర్ ఒక కోటు, పైన ఎనామెల్ రెండు కోట్లు. రెండంగుళాల నైలాన్ నవారుతో నిలువు 8, అడ్డం 8 వరసలు అల్లితే 8 మీటర్లు సరిపోతుంది, ముడులకు ఇంకో మీటరు ఉంచుకోండి. గుండ్రటి రింగు చేస్తానంటాడు వెల్డరు, చూడ్డానికి బాగుంటుందని. ఒప్పుకోవద్దు. గుండ్రం మీద నవారు జారి ఒక పక్కకు చేరుతుంది.

ఈ చదరాన్ని పై టైరు మీద పెట్టి ఎం10 (10 ఎంఎం లావు) బోల్టులతో నాలుగు మూలలా బిగించాలి. రబ్బరు లోపలివైపు 40 ఎంఎం వెడల్పాటి వాషర్ తప్పనిసరి. చిన్న వాషర్ పెడితే నట్టు రబ్బరులోంచి దూసుకుపోతుంది. వదులు కాని నైలాక్ నట్లు వాడండి. రెండు టైర్లను కలిపే నాలుగు బోల్టులు 65 ఎంఎం పొడవుండాలి. వాటిలో రెండింటి కొసలను సుత్తితో అణగ్గొట్టేస్తే ఎవరూ విప్పుకుపోరు.

వాన నవారులోంచి కిందికి జారుతుంది. నల్ల రబ్బరు మే నెలలో నిప్పు, నవారు అంత కాలదు. ఎండకు నవారు పెళుసుబారి తెగుతుంది, అది దాని గుణం. కాని తెగిన వరసను వీధిలో ఏ ఇంట్లో అమ్మమ్మైనా అరగంటలో మళ్ళీ అల్లగలదు. ప్లైవుడ్ పొర లేస్తే దాన్ని బాగుచేయగలిగిన వాళ్ళు వీధిలో ఎవరూ ఉండరు.

రంగు గురించి ఒక మాట. టైరుకు ఎనామెల్ కొడితే రబ్బరులోని నూనెలు పైకి ఊరి రంగు జిగట జిగటగానే ఉంటుంది. తెల్ల చీర కట్టుకున్నావిడ ఒక్కసారి కూచుంటే చాలు, సీటు చేసినవాళ్ళ పేరు వీధంతా మారుమోగుతుంది. బట్టల సబ్బుతో బ్రష్షు పెట్టి తోమి, రెండు రోజులు ఎండబెట్టి, బయటి గోడలకు వేసే ఆక్రిలిక్ ఎమల్షన్ రెండు పలచటి కోట్లు వేయండి. కూచునే చోట రంగే వద్దు.

ఎత్తి పక్కన పెట్టగలగాలి

సీట్లను కాంక్రీటులో పాతేస్తే దొంగభయం ఉండదని చాలామంది సలహా ఇస్తారు. బరంపురంలో ఆ సలహా చెల్లదు. రెండేళ్ళకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తుంది. రోజుల తరబడి రాత్రిపూట ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి, వెనక వేషాలు, జనం. ఆ దారిలో పాతేసిన సీటు ఉంటే మొదటి రాత్రే గడ్డపార దిగుతుంది, అమ్మవారి దారికి అడ్డమొచ్చిన సీటు తరఫున మాట్లాడేవాడెవడూ ఉండడు. ఇద్దరు ఎత్తి అరుగు మీద పెట్టగలిగిన సీటు యాత్ర అయ్యాక మళ్ళీ దాని చోటికి వస్తుంది.

తుఫాన్లకూ ఇదే సూత్రం. 1999లో, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే ఈ తీరాన్ని కొట్టాయి. సెప్టెంబరు ఆఖరుకల్లా బోల్టులు చూసుకుని, హెచ్చరిక రాగానే సీట్లన్నీ ఒక తాడుతో కలిపి గోడవారకు కట్టేస్తే చాలు.

చోటు ఎంచుకునేటప్పుడు రెండు కొలతలు. అంబులెన్సూ ఆటో మెలిగేందుకు 3 మీటర్ల దారి వదలాలి. కాలవ మీది పలకలు తీసి పూడిక ఎత్తే చోట సీటు పెట్టకూడదు. పారిశుధ్య కార్మికుడు ఒకసారి మీ సీటు జరిపి పని చేసుకున్నాడంటే రెండోసారి ఆ కాలవ వదిలేసి వెళ్తాడు, తప్పు అతనిది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ కిందా, దీపావళికి టపాసులు కాల్చే మూలలోనూ టైరు వద్దు. అంటుకుంటే ఆర్పడం కష్టం, పొగ ఇళ్ళల్లోకి కొడుతుంది.

మిగతా సామాన్లు

సిమెంటు బెంచీ (5కి 3). రెండు కాళ్ళు, ఒక పలక. 150 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 7.5 మందం పలక ఒక్కటే 108 కిలోలు తూగుతుంది, దించేటప్పుడే అంచులు రాలతాయి. అచ్చు పోసిన మూడో రోజే అమ్మేసే యార్డులున్నాయి. కనీసం వారం నీళ్ళు పట్టని పలక సుద్దలా ఉంటుంది, నాణెంతో గీస్తే గీత లోతుగా పడుతుంది. అడుగువైపు తిప్పి చూడండి. తేనెతుట్టెలాంటి రంధ్రాలున్నా, చువ్వ కనిపిస్తున్నా వద్దు. ఉప్పుగాలి తగిలే ఊరిది, చువ్వ తుప్పు పట్టి ఉబ్బి పలకను చీలుస్తుంది. దారికి ఎడంగా, చెట్టు కింద శాశ్వతంగా ఉండిపోయే చోటికైతే ఇదే మంచిది.

పాలెట్ బెంచీ (1.5). పాలెట్ అంటే సరుకు పేర్చే చెక్క చట్రం, టైల్సు గోడౌన్లలో ఉచితంగా ఇచ్చే పైన్ చెక్క. ఫోటోల్లో అందం. ఇక్కడి వానకూ చెదలకూ ఆగదు. వాడితీరాలంటే చెక్క మీది ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ మందు పట్టించినది, దాన్ని ముట్టుకోవద్దు.

డ్రమ్ము కుండీ (3.5). 200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోస్తే రెండు తొట్లు. నూనె, రసాయనాలు పట్టిన డ్రమ్మును ఖాళీగా ఉండగా గ్రైండరుతో కోస్తే లోపలి ఆవిరి పేలొచ్చు. నీళ్ళు నింపి కడిగించినా ఆ భయం పూర్తిగా పోదు, అలాంటి డ్రమ్ము వద్దు. మొక్కల్లో కలబంద ఆవుల నుంచీ మేకల నుంచీ బతికి బట్టకడుతుంది. గన్నేరునూ పశువు మామూలుగా ముట్టదు, కాని అది విషం, పిల్లలాడే చోట పెట్టొద్దు.

నేలమీద వైకుంఠపాళి

డబ్బు తక్కువై ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. సీట్ల కన్నా జనాన్ని ఎక్కువ రప్పించేది ఇదే. మన వీధులకు నేలమీద గీయడం కొత్త కాదు. సంక్రాంతికి మన ముగ్గులు, మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ళ ముందు ఝోటి. చుక్కలు పెట్టి చదరాలు లెక్క తప్పకుండా గీయగల చేతులు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, పెయింటరును పిలవక్కర్లేదు.

పది గళ్ళకు పది గళ్ళు, గడి 30 సెంటీమీటర్లు. మొత్తం 3 మీటర్ల చదరం. 5 సెంటీమీటర్ల గీతలు నిలువు 11, అడ్డం 11, కలిపి 66 మీటర్లు, అంటే 3.3 చదరపు మీటర్ల రంగు. గరుకు సిమెంటు రోడ్డు మీద లీటరు రంగు ఒక కోటుకు 5 చదరపు మీటర్లే వస్తుంది, డబ్బా మీద ఎంత రాసి ఉన్నా. రెండు కోట్లకు తెలుపు లీటరున్నర. గడి విడిచి గడి నింపితే 50 గళ్ళకు 4.5 చదరపు మీటర్లు, రంగు 2 లీటర్లు. పాములకూ నిచ్చెనలకూ ఇంకో లీటరు.

ఇక్కడా ఎనామెల్ వద్దు. కొత్త కాంక్రీటులోని క్షారం నూనె రంగును సబ్బులా మార్చి ఊడగొడుతుంది. రోడ్డు పోసి 28 రోజులు నిండాలి. చెమ్మ తెలుసుకోవడానికి 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున్న లోపల నీటి బొట్లుంటే ఇంకో వారం ఆగాలి. రోడ్లకు వాడే క్లోరినేటెడ్ రబ్బరు పెయింటు గట్టిగా పట్టుకుంటుంది. దొరక్కపోతే బయటి ఆక్రిలిక్ చాలు. పొద్దున్న ఎండ ముదరకముందే వేయండి, కాలిన నేలమీద రంగు బ్రష్షు కిందే ఆరిపోయి పొరలా లేస్తుంది. రెండో కోటు తడిగా ఉండగానే జల్లించిన సన్నటి ఇసుక చల్లకపోతే మొదటి వానకు బైకులు జారతాయి. అంచు టేపును రంగు ఆరకముందే లాగేయాలి.

రంగు అరిగిపోతుంది, అది లోపం కింద రాయడం లేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1990లలో ఒక పేటవాళ్ళు నాలుగు రోడ్ల కూడలి మీద పెద్ద బొమ్మ వేసుకున్నారు. మొదట అభ్యంతరం చెప్పిన నగరపాలనే తర్వాత అలాంటివాటికి అనుమతి విధానం పెట్టింది. ఆ బొమ్మను అక్కడివాళ్ళే మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ వస్తున్నారు. ఇక్కడ దానికి తేదీ వెతుక్కోనక్కర్లేదు, యాత్ర ముందు ఇళ్ళకు సున్నాలు వేసే వారమే వీధికి రంగు వేసే వారం.

కొనేముందు మూడు సాయంత్రాలు

వీటన్నిటికన్నా ముందు అద్దెకు తేవాల్సినవి టెంట్‌హౌస్ ప్లాస్టిక్ కుర్చీలు, పది. మూడు సాయంత్రాలు ఆ మూలలో ఊరికే వేసి ఉంచండి. న్యూయార్క్ కూడళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన విలియం వైట్ కుర్చీల గురించి ఒక సంగతి పట్టుకున్నాడు. కదిలే కుర్చీ దొరికితే మనిషి కూచునేముందు దాన్ని రవ్వంత జరుపుకుంటాడు, అవసరం లేకపోయినా. మూడో రోజుకు ఆ కుర్చీలు ఎక్కడ చేరాయో అక్కడే మీ సీట్ల చోటు. నీడ ఎటు, గాలి ఎటు, ఎవరి గుమ్మం ముందు కూచుంటే ఆ ఇంటివాళ్ళు మొహం చిట్లిస్తారో అన్నీ తెలుస్తాయి. ఎవరూ కూచోకపోతే అద్దె మాత్రమే నష్టం.

ఆ మూలలో చెత్త ఎందుకు పడుతోందో కూడా ఆ మూడు సాయంత్రాల్లోనే తెలుస్తుంది. సాధారణంగా చెత్తబండి వచ్చే వేళకు పనికి వెళ్ళిపోయే నాలుగైదు ఇళ్ళవాళ్ళు వేస్తుంటారు. వాళ్ళ సంచులు అందుకుని బండికిచ్చే ఇల్లు ఒకటి కుదరకపోతే టైరు సీటే చెత్తబుట్ట అవుతుంది. గోడకు కిందినుంచి మూడడుగులు ఇటుక ఎరుపు వేయండి. బెంగళూరులో ‘ది అగ్లీ ఇండియన్’ పేరుతో 2010 నుంచి మూలలు బాగుచేస్తున్న వాళ్ళ చిట్కా ఇది, పాన్ మరక ఆ రంగులో కలిసిపోతుంది. మరక కనపడని గోడ మీద ఉమ్మేవాళ్ళూ తగ్గుతారు.

అనుమతి కోసం వార్డు ఆఫీసుకు ఒక కాగితం, కొలతలతో చేతి బొమ్మ జతచేసి ఇవ్వండి. కాగితం వీధి పేరున కాక బస్తీ సంఘం లేదా మహిళా సంఘం పేరున ఉంటే పని తేలిక. ఒడిశాలో 2020లో మొదలై ముక్తా పేరుతో సాగిన పట్టణ ఉపాధి పథకంలో చిన్న చిన్న పనుల్ని అలాంటి సంఘాలకే అప్పగించారు, కాబట్టి సంఘం ముద్ర ఆఫీసువాళ్ళకు కొత్త కాదు.

చేయించేటప్పుడు వెల్డరుతో అన్నీ ఎం10 బోల్టులే వాడమని గట్టిగా చెప్పండి. ఒకటి ఎం8, ఒకటి ఎం12 అయితే బిగించడానికి పానాల పెట్టె కావాలి. అన్నీ ఎం10 అయితే 17 నంబరు పానాలు రెండు చాలు, ఒకటి బోల్టు తలకు, ఒకటి నట్టుకు. ఆ పానాలు, నాలుగు నట్లు, రెండు మీటర్ల నవారు ఒక డబ్బాలో పెట్టి, మూలకు ఎదురింట్లో ఉంచండి.